మదనపల్లె మండీలో హిదాయా

పుంగనూరులో ఒక దుకాణం ఉందనుకుందాం. అక్కడ కుట్టుమిషను నగదుకు పదివేలు. ఏడాది గడువు మీద తీసుకుంటే 12,400. పక్కవీధిలో ఒకాయన అదే పదివేలు అప్పుగా ఇస్తాడు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాది తిరిగేసరికి ఆయనకు కట్టాల్సిందీ 12,400. మిషను కొన్న ఇల్లాలి కొంగుముడిలోంచి ఏ దారిన చూసినా పోయేది ఒకటే మొత్తం. అయినా ఇస్లాం ధర్మశాస్త్రం దుకాణదారుడికి మిగిలిన 2,400ను లాభమంటుంది, హాయిగా తినమంటుంది. అప్పిచ్చినాయన చేతికొచ్చిన 2,400ను వడ్డీ అంటుంది, ముట్టుకోవద్దంటుంది.

ఇది మాటల గారడీ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఆక్షేపణ ఈనాటిది కాదు. ఖురాన్ రెండో అధ్యాయం బఖరాలో 275వ వచనం దాన్ని ఆనాటి వడ్డీ తినేవాళ్ళ నోటి మాటగానే నమోదు చేసింది: వ్యాపారమూ వడ్డీ లాంటిదేగదా అని వాళ్ళు అన్నారట. దానికి వచ్చిన జవాబు చాలా పొట్టిది. దేవుడు వ్యాపారాన్ని అనుమతించాడు, వడ్డీని నిషేధించాడు, అంతే. రెంటికీ తేడా ఎక్కడుందో అక్కడ విడమరిచి లేదు. ఆ తేడాను పట్టుకుని, బజారులో పనికొచ్చే చట్టంగా మలిచే బరువు తర్వాతి న్యాయవేత్తల మీద పడింది. వాళ్ళ పనితనాన్ని ఒకేచోట చూడాలంటే నేను చూపించేది హిదాయా గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయాలు. భక్తితో చదివేవారికి అది మతగ్రంథం. భక్తి లేకుండా చదివినా అది బజారును గొప్పగా ఎరిగినవాడు రాసిన పుస్తకం.

గ్రంథకర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ. ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఫర్గానా లోయలోని మర్గిలాన్ ఊరివాడు. 1197లో చనిపోయాడు. ఆ ఊరు ఇప్పటికీ పట్టుకు పేరు. ఆయన అనుసరించిన హనఫీ న్యాయ సంప్రదాయానికి మూలపురుషుడు ఇమామ్ అబూ హనీఫా (699–767) కూఫాలో బట్టల వ్యాపారి, అందులోనూ పట్టు కలిసిన బట్ట అమ్మినవాడు. ఒకసారి ఆయన భాగస్వామి లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా అమ్మేశాడని, కొన్నవాడెవరో తెలియక అబూ హనీఫా ఆ సొమ్మంతా దానం చేసేశాడని చెప్పుకుంటారు. హనఫీ చట్టంలో బజారు వాసన అంతగా కొట్టడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

హిదాయా రాయడానికి పదమూడేళ్ళు పట్టిందని, ఆ పదమూడేళ్ళూ మర్గీనానీ ఉపవాసాలతోనే గడిపాడని శిష్యపరంపర చెబుతుంది. అది మన దేశపు మదరసాల్లో తరతరాలుగా పాఠ్యగ్రంథం. ఈస్టిండియా కంపెనీ దొరల కోర్టులకు ముస్లిం చట్టం కావాల్సి వచ్చినప్పుడు వారెన్ హేస్టింగ్స్ పూనికతో చార్లెస్ హామిల్టన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అది 1791లో లండన్‌లో అచ్చయింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మసీదుల్లో నమాజుకు నిలబడేవారిలో ఎక్కువమంది హనఫీలే. కుప్పం దాటి తమిళనాడులోకి దిగితే వేలూరు బాఖియాత్ సాలిహాత్, 1924లో మొదలైన ఉమరాబాదు జామియా దారుస్సలాం మదరసాలు అందుబాటులోనే ఉన్నాయి. ఈ ప్రాంతపు మండీల్లో, సంతల్లో, పట్టుమగ్గాల దగ్గర జరిగే బేరాలకు హిదాయా పరాయి పుస్తకమేమీ కాదు.

మొదట ముసుగులేని లాభం సంగతి. అరబ్బీలో దాని పేరు మురాబహా. అమ్మేవాడు తనకెంత పడిందో చెప్పి, దానిమీద ఇంత లాభం వేసుకుంటున్నానని బహిరంగంగా చెప్పి అమ్మడం. వినడానికి తేలికగా ఉంది. పడిన ధరలో ఏవేవి కలపవచ్చునన్నదే చిక్కు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒక వ్యాపారి పట్టుచీర కొన్నాడనుకోండి. రంగు వేయించాడు, అంచు పని చేయించాడు, ఆటోలో దుకాణానికి తెప్పించాడు. ఈ ఖర్చులన్నీ కలుపుకోవచ్చునంటాడు మర్గీనానీ. ఆయన పట్టికలో చాకలి కూలి, అద్దకం కూలి, కుట్టుపని కూలి, మోతకూలి వరసగా ఉన్నాయి. గొర్రెల మందను ఒక ఊరినుంచి మరో ఊరికి తోలిన కూలి కూడా ఉంది. మందను కాసిన కాపరి జీతం మాత్రం కలపకూడదు. సరుకు దాచిన కొట్టు అద్దె కూడా కూడదు. ఏమిటి తేడా? రంగు బట్ట విలువను పెంచుతుంది. మంద తోలుకొస్తే కొత్త ఊళ్ళో ధర మారుతుంది. కాపరి జీతం, కొట్టు అద్దె సరుకుకు కొత్తగా ఏమీ చేర్చలేదు. ఇవాళ్టి కాస్ట్ అకౌంటెంట్ ఎవరైనా ఈ పట్టిక ముందు కూర్చుంటే గంటసేపు వాదించుకోవచ్చు. కొట్టు అద్దె విషయంలో నేనూ మర్గీనానీతో వాదిస్తాను. వాదించే వీలు దొరుకుతోందంటేనే ఆయన కారణం దాచకుండా చెప్పాడని అర్థం.

నాకు బాగా నచ్చింది ఆ వెంటనే వచ్చే చిన్న షరతు. ఖర్చులన్నీ కలిపాక వ్యాపారి ‘ఇంతకు కొన్నాను’ అనకూడదట, ‘నాకింత పడింది’ అనాలట. ఎందుకంటే మొదటి మాట అబద్ధమవుతుంది. మన బజారులో ఏ దుకాణంలోనైనా రోజూ వినిపించే మాటే ఇది. దీనికి ఎనిమిది వందల ఏళ్ళ కిందటి న్యాయశాస్త్రంలో ఇంత పట్టింపు ఉందని చదివినప్పుడు పుస్తకం పక్కనబెట్టి కాసేపు నవ్వుకున్నాను. లాభం మీద ఆయనకు గొడవే లేదు. అబద్ధం మీదే ఆయన పట్టు.

ఇప్పుడు కుట్టుమిషను దగ్గరికి వద్దాం. అసలు పరీక్ష అక్కడే ఉంది. గడువు పెరిగితే ధర పెంచవచ్చునా? పెంచవచ్చు. దీన్ని హిదాయా ఏదో మొహమాటంగా కాదు, సూటిగానే ఒప్పుకుంటుంది. ఎవరైనా ఒక సరుకును అప్పు మీద వెయ్యికి కొని, ఆ అప్పు సంగతి దాచి, ‘వెయ్యి పడింది, మీద వంద లాభం’ అని ఇంకొకడికి నగదుకు అమ్మాడనుకోండి. ఆ సంగతి తెలిసిననాడు కొన్నవాడు బేరం రద్దు చేసుకోవచ్చు. మర్గీనానీ చెప్పే కారణం: గడువు కోసం ధర పెంచడం లోకంలో ఉన్నదే, కాబట్టి అప్పు మీది వెయ్యీ నగదు వెయ్యీ ఒకటి కావు. కాలానికి విలువ లేదని ఇస్లాం అంటుందని కొందరు ముస్లింలే గట్టిగా వాదిస్తుంటారు. హిదాయా చదివినవాడు ఆ మాట అనడు.

మరి కాలానికి ధర కట్టవచ్చునంటే వడ్డీ ఎందుకు తప్పు? ఇక్కడి మెలిక తెలిస్తేనే ఆ పనితనం కనిపిస్తుంది. దుకాణదారుడు గడువును ధరలో ఒకేఒక్కసారి కలుపుకోగలడు, అదీ తన సొంత సరుకును అమ్ముతున్న నిమిషంలో. బేరం కుదిరాక 12,400 అంటే 12,400. ఇల్లాలు ఏడాది తర్వాత ఇంకో ఆరునెలలు ఆలస్యం చేసినా దానికి ఒక్క రూపాయి చేరదు. బాకీ పుట్టాక దానికి ఎదుగుదల లేదు. అప్పిచ్చినాయన బాకీ మాత్రం నెల మారితే పెరుగుతుంది. అరేబియాలో ఇస్లాంకు ముందు నడిచిన వడ్డీ కూడా సరిగ్గా ఇదే. గడువు తీరగానే ఇచ్చినవాడు వచ్చి, ఇప్పుడు కడతావా, పెంచమంటావా అని అడిగేవాడు. మన దగ్గర చక్రవడ్డీ, మీటర్ వడ్డీ అని పిలుచుకునేవాటి పనితీరూ అదే. ప్రవక్త చివరి హజ్ ప్రసంగంలో పాత వడ్డీ బాకీలన్నీ రద్దు చేస్తూ తన సొంత బాబాయి అబ్బాస్‌కు రావాల్సిన వడ్డీతో మొదలుపెట్టారు. బఖరా 280వ వచనం బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా ఆగమని, వదిలేస్తే ఇంకా మేలని చెబుతుంది. ఒక్క వచనం దాటాక వచ్చే 282వ వచనం ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైనది. అందులో ఉన్నదంతా అప్పును ఎలా రాసుకోవాలి, ఎవరు రాయాలి, బాకీదారుడే ఎలా చెప్పి రాయించాలి, సాక్షులెవరు అన్నదే. కరుణ పక్కనే ఇంత పక్కా పత్రం ఉండటం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఎగ్గొట్టేవాడి మాటేమిటని అడగవచ్చు. కట్టగలిగీ కట్టనివాడు దోషే, అతన్ని కోర్టుకు ఈడ్చవచ్చు. ఈనాటి ఇస్లామిక్ బ్యాంకులు చాలావరకు ఆలస్యానికి జరిమానా కట్టించుకుంటాయి గానీ ఆ సొమ్ము బ్యాంకు లాభంలో కలవకుండా దానధర్మాలకు పోవాలని వాటి షరియా పండితులు పట్టుబట్టారు. దండన ఉంటుంది, దండించినవాడికి అందులో వాటా ఉండదు.

ఇంకో తేడా ఉంది. మిషను అమ్మేదాకా అది దుకాణదారుడిది. దొంగ పట్టుకుపోయినా, వాన నీళ్ళు చేరి తుప్పుపట్టినా, నష్టం అతని నెత్తినే. నష్టం భరించే బాధ్యత లేని సరుకు మీద లాభం తీసుకోవద్దని ప్రవక్త మాట ఒకటి హనఫీలు ప్రతిచోటా ఎత్తి చూపిస్తారు. అప్పిచ్చినాయనకు ఆ బాధ్యత ఎప్పుడూ లేదు. ఆయన డబ్బు బాకీదారుడి చేతిలో పడిన క్షణంనుంచి నష్టమంతా అవతలివాడిది, పెరుగుదల ఈయనది. దుకాణంలో మిషనే లేకుండా కాగితాల మీద కొన్నట్టు, అమ్మినట్టు రాసుకుంటే, ఆ 2,400 మళ్ళీ వడ్డీ కిందికే వస్తుంది.

ఆ కాగితపు బేరాన్ని హిదాయా ఎలా పట్టుకుంటుందో చూడండి. కుప్పంలో ఒకడికి డబ్బు అత్యవసరం. వడ్డీ వద్దనుకునే వ్యాపారి మోటారుసైకిలును ఏడాది గడువు మీద లక్షకు అమ్ముతాడు. కొన్నవాడు అక్కడే నిలబడి దాన్ని ఆ వ్యాపారికే ఎనభైవేలకు నగదుగా తిరిగి అమ్ముతాడు. బండి కదల్లేదు. ఎనభైవేలు చేతికొచ్చింది, లక్ష బాకీ పడింది. విడివిడిగా చూస్తే రెండూ అమ్మకాలే, రెండూ పద్ధతిగానే ఉన్నాయి. హిదాయా రెండో అమ్మకాన్ని ఒప్పుకోదు: మొదటి ధర పూర్తిగా అందకముందే తక్కువకు తిరిగి కొనడం చెల్లదు. కారణంలో చేతివాటం చూడండి. లక్ష ఇంకా వ్యాపారి చేతికి రాలేదు, కాబట్టి ఆ లక్ష తాలూకు జవాబుదారీ ఇంకా అతనికి పుట్టలేదు. సరుకు మాత్రం అతని దగ్గరికే తిరిగొచ్చింది. ఎనభైకి ఎనభై సరి. మిగిలిన ఇరవైవేలకు బదులుగా ఈవైపునుంచి వెళ్ళింది ఏమీ లేదు. బదులు లేని ఆ అదనం పేరే వడ్డీ. మనసులో ఏముందో తవ్వి చూడకుండానే బేరం నిర్మాణంలోనే దొంగను పట్టేశాడు. అబూ హనీఫా శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ అల్ షైబానీ ఇలాంటి బేరాలు తన గుండె మీద కొండల్లా ఉన్నాయని, వడ్డీ తినేవాళ్ళు పుట్టించినవని అన్నట్టు గ్రంథాలు చెబుతాయి.

ఇక టమోటా. మదనపల్లె మార్కెట్ యార్డు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. అక్కడి మండీకీ చుట్టుపక్కల రైతుకూ మధ్య నడిచే సంబంధంలో వడ్డీ పైకి కనిపించదు. ఆ మాట ఇలా ఉంటుంది: “నారుకు, మందులకు యాభైవేలు తీసుకోన్నా. వడ్డీ ఊసే లేదు. కాయ మాత్రం మన మండీకే తేవల్ల.” రైతు సంతోషంగానే తీసుకుంటాడు. కాయ తెచ్చినప్పుడు కమీషను పోతుంది, తూకంలో తరుగు పోతుంది, ధర బాగా పలికే పక్కమండీకి పోవడానికి మాత్రం వీలుండదు. మండీదారుడు ముస్లిమయితే తాను వడ్డీ తీసుకోవడం లేదని నిజాయితీగానే అనుకోవచ్చు.

హనఫీ న్యాయవేత్త దీనికి ఒప్పుకోడు. అప్పునూ అమ్మకాన్నీ ఒకదానికొకటి ముడిపెట్టవద్దని ప్రవక్త నిషేధం ఉంది. లాభాన్ని లాక్కొచ్చే ప్రతి అప్పూ వడ్డీయేనని న్యాయవేత్తల సూత్రం ఉంది. అప్పిచ్చినందుకు వచ్చే ఆ ఆనవాయితీ కమీషనే ఇక్కడ లాభం. డబ్బు రూపంలో వడ్డీ అడగలేదన్న మాట చెల్లదు.

మరి రైతుకు పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తుంది? దీనికి వాళ్ళు ఒక దారి చెక్కి ఇచ్చారు, దాని పేరు సలమ్. ముందే డబ్బిచ్చి తర్వాత పంట తీసుకోవడం. మదీనాకు ప్రవక్త వచ్చేసరికే అక్కడి తోటల రైతులు ఏడాది, రెండేళ్ళ ముందుగానే ఖర్జూరాన్ని అమ్ముకునేవారు. ఆయన దాన్ని మాన్పించలేదు. కొలత తెలిసి, తూకం తెలిసి, గడువు తెలిసి చేసుకోమన్నారు. ఈ మూడు మాటలమీద హిదాయా కట్టిన షరతులు మన మండీకి ఎంత అతుకుతాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మొత్తం ధర బేరం జరిగిన చోటే, ఇద్దరూ విడిపోకముందే రైతు చేతిలో పడాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే చెల్లదు. ఆకుకూరను కట్టల లెక్కన, కట్టెల్ని మోపుల లెక్కన సలమ్ చేయకూడదు, ఎందుకంటే కట్టకూ కట్టకూ, మోపుకూ మోపుకూ పోలిక ఉండదు. ఎవరో ఒకరి సొంత కొలపాత్రతో, దాని పరిమాణం తెలియనప్పుడు, బేరం కుదుర్చుకోకూడదు. ఆ పాత్ర పోతే కొలత కూడా పోతుందంటాడు మర్గీనానీ.

మదనపల్లెలో క్రేటు అంటే 25 కిలోలనీ, 30 కిలోలనీ లెక్క మారుతుంటుంది. సరిహద్దు దాటి కోలారుకు పోతే పెట్టె 15 కిలోలు. పుంగనూరు, కుప్పం వైపు రైతులు రెండు చోట్లకూ కాయ తోలినవాళ్ళే. క్రేటు లెక్కన ముందస్తు బేరం చేస్తే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హిదాయా తీర్పు ఇక్కడ సులువు: క్రేటు కుదరదు, కిలో చెప్పు.

ఇంకో షరతు మరీ సూక్ష్మమైనది. ఫలానా ఊరి ధాన్యమనో, ఫలానా చెట్టు పండనో సలమ్ చేయకూడదు. ఆ ఊరికి కరువొస్తే, ఆ చెట్టుకు తెగులొస్తే రైతు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? నాణ్యత చెప్పు, తూకం చెప్పు, ఎప్పుడు ఎక్కడ అప్పగించాలో చెప్పు, ఏ మడిలో కాసిందన్నది అడగవద్దు. తన పంట పోయినా మార్కెట్‌లో కొని ఇవ్వగలగాలి. అందుకే బేరం జరిగిన రోజునుంచి అప్పగించే రోజుదాకా ఆ సరుకు బజారులో దొరుకుతూనే ఉండాలని హనఫీలు అదనంగా పట్టుబట్టారు. ఏడాది పొడుగునా టమోటా వచ్చే మదనపల్లెలో ఆ షరతు తీరుతుంది. ఒకవేళ సరుకు దొరకకపోతే ఇచ్చినవాడు ఆగాలి, లేదా తన అసలు తీసుకుని వెళ్ళాలి. అసలు మీద పైసా కూడా అడగరాదు. పైగా తన చేతికి రాకముందే ఆ టమోటాను ఇంకొకడికి అమ్ముకోరాదు. ఈ ఒక్క వాక్యంతో కాగితాల మీద చేతులు మారే జూదం ఆగిపోతుంది.

మెచ్చుకుంటూనే ఒక మాట అడగాలి. 2023 జులై చివర మదనపల్లెలో కిలో టమోటా రెండు వందల దాకా పోయింది. ఏప్రిల్‌లో కిలో పన్నెండుకు సలమ్ చేసుకున్న రైతు ఆ రోజు ఏమైపోవాలి? పన్నెండుకే ఇవ్వాలి, అంతే. అదే సెప్టెంబరులో ధర కుప్పకూలినప్పుడు మొర పెట్టుకునే వంతు డబ్బిచ్చినవాడిది. చట్టం ఎవరినీ గెలిపిస్తానని మాట ఇవ్వలేదు. మండీ అడ్వాన్సులో నష్టం ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతుంది, సలమ్‌లో అది ఎటైనా పోవచ్చు. ఆ ‘ఎటైనా’ అన్నదాని కోసమే ఇన్ని షరతులు చెక్కారని నాకు అర్థమైంది.

లాభానికి మాత్రం పైకప్పు కట్టలేదు. ప్రవక్త ఒకసారి ఉర్వా అనే సహచరుడికి ఒక దీనారిచ్చి గొర్రెను కొనుక్కురమ్మన్నారు. అతను ఆ దీనారుకు రెండు గొర్రెలు కొని, దారిలో ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. నూటికి నూరు లాభం! ప్రవక్త అతని బేరానికి దీవెన ఇచ్చారు. మదీనాలో ధరలు మండినప్పుడు ధరలు కట్టమని జనం అడిగితే ఆయన ఒప్పుకోలేదు. అయితే బజారులో మోసానికి దారులన్నీ మూశారు. సరుకు దాచి కరువు సృష్టించకూడదు. ఊరి బయటే సంతకొచ్చే బిడారును అడ్డగించి, బజారు ధర తెలియనివాళ్ళ దగ్గర చౌకగా కొనేయకూడదు. కొన్నా, అమ్మినవాడు బజారుకొచ్చి ధర తెలుసుకున్నాక బేరం రద్దు చేసుకునే హక్కు ఉంది. పొలం గట్టు మీదే కాయ బేరమాడే దళారీలను ఎరిగినవాళ్ళకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

భాగస్వామ్యం దగ్గర సూత్రం ఇంకా కఠినం. ఒకడు డబ్బు పెట్టి, ఇంకొకడు పనిచేసే ముదారబాలో లాభం సగమనో, మూడో వంతనో పంచుకోవచ్చు. వచ్చిందాంట్లో ముందు నాకు పది దిర్హములు అని ఒక మొత్తం ఖాయం చేశారో ఒప్పందం చెడిపోతుంది. హిదాయా చెప్పే కారణం ఒక్క వాక్యం: మొత్తం లాభమే ఆ పది అయితే ఇక పంచుకునేదేముంది? పెట్టుబడిలో నష్టం వస్తే అది డబ్బు పెట్టినవాడిదే, పనిచేసినవాడికి తన కష్టం పోతుంది. రాయలసీమ రైతుకు పంటలో వాటా ఇచ్చే కోరుకూ, ఖాయమైన మొత్తం కట్టే గుత్తకూ తేడా బాగా తెలుసు గనుక ఇది వెంటనే అందుతుంది. చిత్రమేమిటంటే పొలాన్ని కోరుకివ్వడాన్ని సాక్షాత్తు అబూ హనీఫాయే ఒప్పుకోలేదు. పండుతుందో లేదో తెలియని పంటలో వాటాను కూలిగా ఎలా ఇస్తారని ఆయన ప్రశ్న. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ గురువుతో విభేదించి అనుమతించారు. హనఫీ ఆచరణ శిష్యుల మాట మీదే నడిచింది, హిదాయా గురువు వాదాన్నీ శిష్యుల వాదాన్నీ రెంటినీ దాచకుండా పక్కపక్కన పెట్టింది.

వడ్డీని అదుపు చేయాలన్న ఆలోచన ఒక్క ఇస్లాందే కాదు. మన ధర్మశాస్త్రాల్లో వడ్డీ అసలును మించరాదన్న దాందుపట్ నియమం ఉంది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల వేధింపుల మీద ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్సు కూడా వడ్డీ మొత్తం అసలును దాటకూడదనే అన్నది. అవి వడ్డీ ఎత్తుకు గీత గీశాయి. హిదాయా ఎత్తును కొలవదు, నూటికి పావలా అయినా కాదంటుంది. ఎవరిది మెరుగైన దారి అన్న చర్చ ఇక్కడ నా పని కాదు. అదనానికి బదులేమిచ్చావన్న ప్రశ్న అంత పట్టుగా అడిగిన చట్టం మరొకటి నేను చదవలేదు.

ఈ పాత పనితనాన్ని ఆధునిక ఆర్థికశాస్త్రంతో ముఖాముఖి నిలబెట్టినవాళ్ళు మన గడ్డ మీదే ఉన్నారు. హైదరాబాదులో 1908లో పుట్టి, ఉస్మానియాలో చదివి బోధించిన మహమ్మద్ హమీదుల్లా 1936లో హైదరాబాదు పత్రిక ‘ఇస్లామిక్ కల్చర్’లో ఇస్లాం ఆర్థిక దృష్టి మీద రాశారు. అక్కడే ఆర్థికశాస్త్ర శాఖకు పెద్దగా ఉన్న అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలో వడ్డీ సిద్ధాంతం మీద పుస్తకం తెచ్చారు. ధర్మశాస్త్ర ఆచార్యుడు మనాజిర్ అహ్‌సన్ గీలానీ ఉర్దూలో ఇస్లామీ ఆర్థికం మీద మరో పెద్ద గ్రంథం రాశారు. వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాలు హైదరాబాదులో అంతకుముందునుంచే ఉన్నాయని హమీదుల్లా స్వయంగా గ్రంథస్థం చేశారు. ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో 1963లో పొదుపు బ్యాంకు, 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చేనాటికి ఉస్మానియాలో చర్చ ముదిరి చాలాకాలమైంది. మన దేశంలో బ్యాంకింగ్ చట్టాలు ఈ బేరాలకు అనువుగా లేవు. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించమంది, రిజర్వు బ్యాంకు 2017లో ఆ ఆలోచన విరమించుకుంది.

అలాంటి బ్యాంకులు లేని చోట, మోసపు ఆరోపణలు ఎదుర్కొన్న సంస్థలు దూరాయి. బెంగళూరు ఐఎంఏ సంస్థ హలాల్ పెట్టుబడి పేరుతో వేలమంది దగ్గర డబ్బు తీసుకుంది. 2019 జూన్‌లో దాని అధిపతి మన్సూర్ ఖాన్ దేశం విడిచి పోయాడు, జులైలో తిరిగొచ్చి ఢిల్లీలో అరెస్టయ్యాడు. అంతకు ముందే 2018 అక్టోబరులో, తిరుపతికి చెందిన నౌహీరా షేక్ నడిపిన హీరా గ్రూపు ఏటా 36 శాతం లాభమని చెప్పి డిపాజిట్లు సేకరించిందన్న ఆరోపణల మీద ఆమెను హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణల నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి. డబ్బు పెట్టకముందే, ఏడాదికి ఇంతని ముందే చెప్పే లాభాన్ని హిదాయా ముందు పెట్టి చూసి ఉంటే జవాబు వచ్చేది: ఖాయం చేసిన మొత్తం భాగస్వామ్యాన్ని చెడగొడుతుంది. పేరు హలాలయినా అది ముదారబా కాదు.

పెద్ద బ్యాంకులకూ ఈ మాట వర్తిస్తుంది. సరుకును కాగితం మీద కొని అమ్మి చివరికి నగదు చేతిలో పెట్టే వ్యవస్థీకృత తవర్రుఖ్‌ను ఇస్లామిక్ దేశాల కూటమికి చెందిన ఫిఖ్ అకాడమీ 2009లో చెల్లదని తీర్మానించింది. కదలని మోటారుసైకిలు లాంటి బేరమే అది, అంకెలే పెద్దవి.

మీ ఊళ్ళో ఎవరైనా వడ్డీ లేదు, లాభమే అంటూ కాగితం మీద సంతకం పెట్టమంటే, ముస్లింలైనా కాకపోయినా, పెట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. నష్టం వస్తే ఎవరిది? గడువు దాటితే ఈ బాకీ పెరుగుతుందా? జవాబులు కాగితం మీదే రాయించుకోండి, సాక్షులను పెట్టుకోండి.